ఫార్వర్డు చేసిన మాట ఎవరిది?

ఈ మధ్య మన ఇళ్లలో తరచు వినపడే ప్రశ్న ఒకటుంది. "నీకు ఫార్వర్డు చేశాను, చూశావా?" అడిగేది విజయవాడలో ఉన్న నాన్నగారు కావచ్చు, న్యూజెర్సీలో ఉన్న వదినగారు కావచ్చు, దుబాయిలో ఉన్న చిన్ననాటి స్నేహితుడు కావచ్చు. మొహమాటానికి "చూశాను" అంటాం. చాలాసార్లు చూడం, చూసినా పూర్తిగా చదవం. అడిగినవారు కూడా అది పంపేముందు పూర్తిగా చదివారో లేదో చెప్పలేం. ఒకప్పుడు ఇదే చోట "ఉత్తరం రాశాను, అందిందా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకీ ఈ ప్రశ్నకీ మధ్య తేడా ఎంత? దానివల్ల మనకి కలిగిన లాభమేమిటి, పోయిందేమిటి? ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచుకున్నది ఇదే.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. టెక్నాలజీని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. మనలో ముందుతరం వారికి ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూడటం తెలుసు. ఏరోగ్రామ్ మీద ఖాళీ మిగలకుండా అంచుల్లో కూడా రాసి, మడిచి, అంటించి, జవాబు కోసం మూడు వారాలు ఆగడం తెలుసు. ఆ తరవాత ఫోను కార్డులు గీకి, నంబర్లు నొక్కి, "మీకు ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి" అన్న గొంతు విని గాభరాపడటమూ తెలుసు. 2009లో పుట్టి, 2014లో ఫేస్‌బుక్ సుమారు 19 బిలియన్ డాలర్లకి కొనుక్కున్న వాట్సాప్ ఆ కష్టాలన్నీ తీర్చింది. సముద్రాలకి ఇవతల ఉన్న మనవరాలి మొదటి అడుగుని తాతగారు అదే నిమిషంలో చూడగలగడం చిన్న విషయం కాదు. కనక నా విమర్శ ఆ పనిముట్టు మొత్తం మీద కాదు. అందులో ఉన్న ఒక చిన్న బాణం గుర్తు మీద, దాన్ని మనం వాడుతున్న తీరు మీద.

తాటాకు నుంచి పోస్టుకార్డు దాకా

ఒకరి మాటని మరొకరు మోసుకుపోవడం మనకి కొత్తేమీ కాదు. మన సాహిత్యంలో సగం అలాగే బతికింది. చాటుపద్యాలు నోటి నుంచి నోటికి పాకినవే. వాటి మీద ఉన్న పేర్లు కూడా నమ్మదగినవి కావు. కాస్త శృంగారం ఉంటే శ్రీనాథుడిదన్నారు, కాస్త వెక్కిరింత ఉంటే తెనాలి రామకృష్ణుడిదన్నారు. చివర మకుటం తగిలిస్తే చాలు, ఎవరు చెప్పిన నీతి అయినా వేమన ఖాతాలో జమ అయింది. కాబట్టి "ఈ ఫార్వర్డుల వల్లే తప్పుడు పేర్లు పుట్టాయి" అనడం చరిత్రకి న్యాయం చేయడం కాదు.

అయితే ఒక తేడా ఉంది. చాటువుని మోసినవాడికి ఆ పద్యం నోటికి రావాలి. సందర్భం చూసి చెప్పాలి, అడిగితే అర్థం చెప్పాలి. తాటాకు మీద కావ్యం కాపీ చేసిన లేఖకుడు నెలల తరబడి నడుము వంచుకుని కూర్చునేవాడు. చాలామంది లేఖకులు చివర తమ పేరు, ఊరు, తిథి వార నక్షత్రాలు రాసుకునేవారు. అంటే "ఈ ప్రతి నా చేతి మీదుగా వచ్చింది, ఇందులో తప్పులుంటే నావి" అని ఒప్పుకోవడమన్నమాట. ఆ ఆనవాళ్లు ఉండబట్టే, పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పండితులని జీతానికి పెట్టుకుని, ఒక ప్రతిని ఇంకొక ప్రతితో పోల్చి, వేమన పద్యాలకీ కావ్యాలకీ పాఠాలు తేల్చగలిగాడు. ఏది అసలు, ఏది ప్రక్షిప్తం అన్న చర్చకి అక్కడ ఆధారం ఉంది.

మన చిన్నప్పటి ఇంకొక ఫార్వర్డు కూడా గుర్తు చేసుకోవాలి. దేవుడి పేరుతో వచ్చే పోస్టుకార్డు. "ఇది అందిన వారు మరి ఇంతమందికి రాయవలెను, రాసినవారికి లాభం, రాయనివారికి నష్టం" అని ఉండేది. భయపడ్డవాళ్లు రాశారు, ధైర్యం ఉన్నవాళ్లు చింపేశారు. రాసినవాళ్లు కూడా పది కార్డులు కొనాలి, పదిసార్లు చేత్తో రాయాలి, పది చిరునామాలు గుర్తు తెచ్చుకోవాలి. మూడో కార్డు దగ్గర చెయ్యి నొప్పి పుట్టి భక్తి తగ్గినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. ఆ చేతినొప్పే ఆ వదంతికి కళ్లెం.

కళ్లెం తీసేసిన గుర్రం

ఇప్పటి బాణం గుర్తు చేసిన పని ఆ కళ్లెం తీసేయడమే. నొప్పి లేదు, ఖర్చు లేదు, జ్ఞాపకం అక్కర్లేదు, చదవడం కూడా అక్కర్లేదు. పైగా, మాట మన దగ్గరకి వచ్చేసరికి దాని వెనక నడిచిన చేతులన్నీ చెరిగిపోతాయి. పిన్నిగారు పంపారు కనక అది పిన్నిగారి మాటలా కనపడుతుంది. ఆవిడకి ఎవరు పంపారో, వారికి ఎవరు పంపారో, మొట్టమొదట ఎవరు ఏ ఉద్దేశంతో రాశారో మనకి తెలిసే దారి లేదు. 2016 నుంచి ఈ సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో కంపెనీకి కూడా చదవడానికి వీల్లేకుండా వెళ్తున్నాయి. మన సొంత మాటల గుట్టు కాపాడటానికి అది మంచిదే. కాని అదే తెర చాటున, మొదట ఎవరు అన్నారో తెలియని మాట కూడా హాయిగా ప్రయాణం చేస్తుంది.

దీనివల్ల ఎంత ప్రమాదమో 2018లో ఇండియా చూసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు ఆ ఏడాది చాలా రాష్ట్రాల్లో అమాయకుల ప్రాణాలు తీశాయి. జులై 13న హైదరాబాదు నుంచి బీదర్ జిల్లా వైపు వెళ్లిన కొందరు స్నేహితులు దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. వాళ్లే దొంగలన్న మాట ఫోన్ల మీద వాళ్ల కారు కంటే వేగంగా ముందు ఊరికి చేరింది. ముర్కి గ్రామం దగ్గర గుంపు పడి కొట్టింది. ఒక యువ ఇంజనీరు చనిపోయాడు, మిగిలినవాళ్లు గాయాలతో బయటపడ్డారు. మన అబ్బాయిల్లాంటి అబ్బాయి. పిల్లల్ని చూసి ముచ్చటపడి మిఠాయి ఇవ్వడం మనందరికీ అలవాటైన పని. ఆ ఫార్వర్డుని ముందుకి పంపినవారిలో ఎక్కువమంది కూడా దుర్మార్గులు కారు. "నిజమో కాదో, జాగ్రత్తగా ఉండటం మంచిది కదా" అనుకున్న తల్లులు, తండ్రులు.

ఆ నెలలోనే కంపెనీ "ఫార్వర్డెడ్" అన్న ముద్ర పెట్టడం మొదలుపెట్టింది. ఇండియాలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకి మించి పంపకుండా హద్దు పెట్టింది. 2019 జనవరిలో ఆ హద్దు ప్రపంచమంతటికీ వచ్చింది. కరోనా రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలిగేలా చేశారు. దానితో అలాంటి సందేశాల ప్రయాణం 70 శాతం తగ్గిందని కంపెనీయే చెప్పింది. ఈ లెక్క గమనించండి. మనుషులు మారలేదు, వాళ్ల నమ్మకాలూ మారలేదు. కాస్త శ్రమ పెరిగింది, అంతే. పాత పోస్టుకార్డు నొప్పిని కొద్దిగా తిరిగి తెచ్చారన్నమాట. అంటే ఇన్నాళ్లూ మనం పంపినదాంట్లో పెద్ద భాగం ఆ కాస్త శ్రమకి కూడా తగదని మనకే లోలోపల తెలుసు.

అయినా ఐదు అన్న హద్దు పెద్ద హద్దేమీ కాదు. ఒకరు ఐదుగురికి, ఆ ఐదుగురు తలా ఐదుగురికి పంపుతూ పోతే, పదో మెట్టు దగ్గర 97 లక్షల పైచిలుకు మంది. ఆ రోజుల్లో ఒక గ్రూపులో 256 మంది ఉండగలిగేవారు కనక, ఐదు చోట్లు అంటే ఐదు గ్రూపులైతే మొదటి మెట్టులోనే 1,280. ఇక, ఆ మాటని కాపీ చేసి కొత్తగా అతికిస్తే ముద్ర ఉండదు, లెక్కా ఉండదు. లక్షమంది చేతులు మారిన పుకారు మళ్లీ పురిటిబిడ్డలా కనపడుతుంది.

మనల్ని మెప్పించే మాటలు

పుకార్లు ప్రాణాలు తీసిన సంగతి అందరికీ తెలుసు కనక, అక్కడితో ఆగిపోతే "మేం అలాంటివి పంపం" అని మనం తప్పించుకోవచ్చు. మన గ్రూపుల్లో తిరిగేవి చాలావరకు అలాంటివి కావు నిజమే. అవి మనల్ని మెప్పించేవి. వాటిని కూడా కాస్త పరిశీలించాలి.

మెకాలే చెప్పాడన్న మాట మీలో అందని వారుండరు. 1835 ఫిబ్రవరి 2న ఆయన బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, భారతదేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడూ దొంగా కనపడలేదనీ, ఈ జాతి వెన్నెముక విరవాలంటే దాని చదువుని మార్చాలనీ అన్నాడట. ఆ తేదీన మెకాలే లండనులో లేడు. 1834లోనే ఇండియాకి వచ్చాడు. ఆ రోజుకి కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీతో ఆయన రాసినది నిజంగా ఒకటి ఉంది. చదువు గురించిన నివేదిక. అందులో మన దేశాన్ని పొగడలేదు సరికదా, మన సాహిత్యాన్ని, శాస్త్రాన్ని చిన్నచూపు చూశాడు. ఇంగ్లీషు చదువుకున్న ఒక మధ్యవర్తి తరగతిని తయారుచేయాలన్నాడు. మనకి కోపం రావలసిన కాగితం అదే. ఎవరైనా వెతుక్కుని చదువుకోవచ్చు. కాని దాన్ని మనం ఫార్వర్డు చేయం. శత్రువే మనల్ని పొగిడినట్టు ఎవరో కల్పించిన కాగితాన్ని చేస్తాం. నిజమైన ఫిర్యాదుని వదిలేసి దొంగ ప్రశంసని దాచుకోవడం ఇది.

రెండవది తెలుగు మాట్లాడితే ఒంట్లో 72,000 న్యూరాన్లు పని చేస్తాయనీ, మరే భాషకీ ఆ శక్తి లేదనీ సైన్సు తేల్చిందన్న మాట. ఆ సంఖ్య ఎక్కడిదో మీరు గుర్తుపట్టే ఉంటారు. శరీరంలో 72,000 నాడులున్నాయని యోగ గ్రంథాలు చెబుతాయి. అది ఆ శాస్త్రం లెక్క, దాని గౌరవం దానికుంది. ఎవరో నాడి అంటే నెర్వు అన్నారు, ఇంకొకరు నెర్వుని న్యూరాన్ చేశారు, మూడోవారు "సైంటిస్టులు నిరూపించారు" అని తగిలించారు. మనిషి మెదడులో ఉన్న న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. ఏ భాష మాట్లాడినా కోట్ల కణాలు పని చేస్తాయి. తెలుగుకి 72,000 చాలంటే అది పొగడ్త ఎలా అవుతుంది? యోగాన్నీ అవమానించాం, సైన్సునీ అవమానించాం, మధ్యలో తెలుగుని కూడా.

మూడవది పూర్తి అబద్ధం కూడా కాదు. ప్రపంచంలో రెండవ ఉత్తమ లిపిగా తెలుగుని ఎన్నుకున్నారన్నది. 2012లో బ్యాంకాకులో జరిగిన లిపుల పోటీలో కొరియా వారి హంగుల్‌కి మొదటి స్థానం, తెలుగుకి రెండవ స్థానం వచ్చినట్టు కొరియా పత్రికలు రాశాయి. హంగుల్ గొప్ప లిపే. పదిహేనవ శతాబ్దంలో సెజోంగ్ రాజు సామాన్యులు చదువుకోవాలని చేయించినది. కాని లిపులకి ర్యాంకులిచ్చే అధికారం లోకంలో ఎవరికీ లేదు. భాషాశాస్త్రంలో ఆ పద్ధతే లేదు. మన అక్షరాల గుండ్రదనం చూసి ముచ్చటపడటానికి బహుమతి కావాలా? ఆ ఫార్వర్డుని పదిమందికి పంపిన ఇంట్లోనే పిల్లవాడికి "క" గుణింతం రాకపోతే ఆ రెండవ స్థానాన్ని ఏం చేసుకోవాలి?

ఈ మూడింటిలోనూ ఉన్న రుచి ఒకటే. పరాయి ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ రుచి మరీ ఎక్కువ. పగలంతా మన పేరుని తప్పుగా పలికేవాళ్ల మధ్య పనిచేసి ఇంటికి వచ్చినప్పుడు, "నువ్వు గొప్పవాడివి, మీవాళ్లు గొప్పవాళ్లు" అనే మాట ఎవరు అన్నా చల్లగా ఉంటుంది. ఆ ఆకలి నిజమైనదే, దాన్ని వెక్కిరించకూడదు. కాని ఆకలి నిజమని చెప్పి నకిలీ పాలు తాగితే ఒంటికి పట్టదు.

పేర్లు తగిలించే అలవాటు గురించి కూడా ఒక ముక్క. 2020 ఏప్రిల్‌లో రతన్ టాటా అన్నారంటూ ఆర్థిక వ్యవస్థ మీద ఒక సందేశం తిరిగింది. అది తను అనలేదు, రాయలేదు అని ఆయనే బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయన జీవించి ఉన్నారు కనక చెప్పుకోగలిగారు. అబ్దుల్ కలాం గారి పేర రోజూ తిరిగే సూక్తులకి జవాబు చెప్పడానికి ఆయన లేరు, 2015లోనే వెళ్లిపోయారు. చనిపోయినవారి నోట్లో మాటలు పెట్టడం మనలో ఎవరూ ఎదురుగా చేయలేని పని. బాణం గుర్తు నొక్కి చేస్తున్నాం.

నాన్నగారి ఆరోగ్యం

మన కుటుంబాలకి అన్నిటికంటే దగ్గరగా తగిలే రకం ఒకటి మిగిలింది. వైద్యం. అమ్మానాన్నలు అక్కడ ఒంటరిగా ఉంటారు, మనం ఇక్కడ ఉంటాం. దూరం వల్ల వచ్చే భయం ఇద్దరికీ ఉంది. ఆ భయం వల్లే ఈ సందేశాలు అంత వేగంగా తిరుగుతాయి.

పక్షవాతం వస్తే సూదితో పది వేళ్ల చివరలూ గుచ్చి రెండు చుక్కల రక్తం తీయండి, మనిషి కోలుకుంటాడు, అంతవరకు కదపకండి అన్న సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. దీనికి వైద్యంలో ఏ ఆధారమూ లేదు. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే మందు ఉంది. సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు అది ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. ఇవ్వవచ్చో లేదో స్కాను తీసి డాక్టర్లు తేల్చాలి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా సూది వెతుక్కుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. గుండెపోటు వస్తే ఒంటరిగా ఉన్నవాళ్లు గట్టిగా దగ్గుతూ ఉండాలన్న సందేశమూ అలాంటిదే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని సిఫారసు చేయదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలై, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న 108 అంబులెన్సు నంబరు అమ్మానాన్నల ఫోనులో ఉందా, తాళం వేసిన తలుపు తీయడానికి పక్కింటివారి దగ్గర తాళంచెవి ఉందా, వాళ్లు వాడే మందుల జాబితా గోడ మీద ఉందా అని అడిగి రాయించడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల పనికి ఫార్వర్డు ప్రత్యామ్నాయం కాదు. కాని అది పంపగానే పని అయిపోయినట్టు మనసు తేలికపడుతుంది. అసలు నష్టం అక్కడే ఉంది.

గుడ్ మార్నింగ్ పక్షాన

ఇంతవరకూ చదివి, "అయితే ఆ గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు కూడా మానిపించండి బాబూ" అనేవారు ఉంటారు. నేను ఆ పక్షం కాదు. 2018 జనవరిలో అమెరికా పత్రికలు ఈ బొమ్మల మీద నవ్వుతూ రాశాయి. ఇండియాలో ఫోన్లు వీటితో నిండిపోతున్నాయనీ, వాటిని వెతికి తీసేసే సాధనాన్ని గూగుల్ తయారుచేసిందనీ. ఆ నవ్వులో తెలియనితనం ఉంది. రోజూ పొద్దున్న ఆరింటికి బాబాయిగారి నుంచి వచ్చే సూర్యోదయం బొమ్మలో సమాచారం ఏమీ లేదు నిజమే. కాని అది హాజరు పట్టీ. "నేను లేచాను, బాగానే ఉన్నాను, నువ్వు గుర్తున్నావు." పాత ఉత్తరాల్లో మొదటి వాక్యంగా ఉభయకుశలోపరి రాసేవారు, దాన్ని ఎవరూ సమాచారం కోసం చదివేవారు కాదు. అది లేకపోతే మాత్రం కంగారుపడేవారు. ఏడు గంటలైనా బాబాయిగారి సూర్యుడు ఉదయించలేదంటే ఫోను చేసి కనుక్కునే కుటుంబాలు నాకు తెలుసు.

అయితే, ఉత్తరంలో ఉభయకుశలోపరి మొదటి వాక్యం మాత్రమే. దాని తరవాత అసలు ఉత్తరం ఉండేది. మన ఇబ్బంది అల్లా, మొదటి వాక్యం దగ్గరే ఉత్తరం ఆగిపోవడం.

రాయగలిగిన రోజుల్లో రాయకపోవడం

ఇక్కడ మన ప్రవాసుల చరిత్రలో ఒక విడ్డూరం ఉంది. 1990ల మొదట్లో కంప్యూటరు మీద తెలుగు కనపడేది కాదు. హ్యూస్టనులో రైస్ యూనివర్సిటీ పేరు మీదుగా వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. పెద్దబడి "టి" కొడితే ట, చిన్నబడి కొడితే త అని గుర్తుపెట్టుకుని, కళ్లు చికిలించుకుని, పేజీలకి పేజీలు వాదించుకునేవారు. ఛందస్సు మీద, కారా కథల మీద, ఆవకాయలో మెంతులు వేయాలా వద్దా అన్న దాని మీద. ఒకరు ఏదైనా అంటే "ఎక్కడుంది? ఏ పుస్తకం, ఏ పేజీ?" అని ఇంకొకరు నిలదీసేవారు. 1998లో "ఈమాట" మొదలైంది అలాంటి వాతావరణంలోనే. 1991లో యూనికోడ్‌లో తెలుగుకి చోటు వచ్చింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, 2006లో "లేఖిని" వచ్చింది. ఇవాళ చేతిలో ఉన్న ఫోను ముందు తెలుగులో మాట్లాడితే అదే తెలుగు అక్షరాల్లో రాసిపెడుతుంది. అక్షరం రాయడం కష్టమైన రోజుల్లో సొంత మాటలు రాశాం. రాయడం ఊపిరి పీల్చినంత సులువైన రోజుల్లో ఎవరివో మాటలు తోస్తున్నాం.

దీని ఖరీదు మనకి వెంటనే తెలియదు. నేను ఎరిగిన ఒక కుటుంబంలో పెద్దాయన పోయారు. మంచి మాటకారి, చమత్కారి. దినకార్యాలయ్యాక పిల్లలు ఆయన జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేద్దామనుకుని, ఏళ్లుగా కుటుంబ గ్రూపులో ఆయన పంపినవన్నీ వెతికారు. వేల సందేశాలున్నాయి. ఉదయాలు, సూక్తులు, వంటింటి వైద్యాలు, పండగ శుభాకాంక్షలు. ఆయన సొంతంగా రాసిన వాక్యాలు ఏరితే ఒక పేజీ నిండలేదు. వాటిలో ఒకటి "వాన పడుతోంది, మీ అమ్మ బజ్జీలు వేస్తోంది" అన్నది. పుస్తకానికి అదే మొదటి వాక్యమైంది. అంతకుముందు తరం మనిషి ఆయన తండ్రి. రెండు జతల కళ్లజోళ్లు మార్చుకుంటూ రాసిన నలభై ఉత్తరాలు మిగిల్చి వెళ్లాడు. నలభై ఉత్తరాల్లో మనిషి మొత్తం ఉన్నాడు. వేల సందేశాల్లో మనిషి కనపడలేదు.

పిల్లల సంగతి సరేసరి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. తాతగారు పంపే తెలుగు అక్షరాల బొమ్మ వాళ్లకి బొమ్మే. అందుకని గ్రూపు చప్పుడు ఆపేసి పెట్టుకుంటారు. "మీ మనవడు మాకు జవాబివ్వడు" అని అక్కడ చిన్నబుచ్చుకుంటారు, "వాళ్లు నాకేమీ రాయరు, అందరికీ పంపేదే పంపుతారు" అని ఇక్కడ వీడు విసుక్కుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. అదే తాతగారు అర నిమిషం తన గొంతుతో, "ఒరేయ్ నాన్నా, ఇవాళ మన వీధిలోకి కోతి వచ్చిందిరా" అని పంపితే వాడు రెండుసార్లు వింటాడు. అదే ఫోను, అదే గ్రూపు, అంతే శ్రమ. తేడా అల్లా, ఆ మాట వాడి కోసం పుట్టింది.

ఎలా చెప్పాలి?

తప్పుడు ఫార్వర్డు పంపిన పెద్దవారికి ఎలా చెప్పాలన్నది మన కుటుంబాల్లో సున్నితమైన విషయం. కాలేజీలో ఉన్న మేనల్లుడు నలభైమంది ముందు "మావయ్యా, ఇది ఫేక్" అని ఒక లింకు పడేస్తే, మాట నిజమే అయినా మర్యాద పోతుంది. మావయ్యగారు ఆ మాట వదులుకోకపోగా, పంతానికి ఇంకో రెండు పంపుతారు. ఊళ్లో అయితే ఇలాంటి సంగతి అరుగు మీద నలుగురిలో అనరు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగుతూ మెల్లగా అంటారు. ఫోను చేసి, "మావయ్యగారూ, మీరు పంపిన మెకాలే సంగతి చూశాను. ఆ రోజు ఆయన కలకత్తాలో ఉన్నాడట, భలే తమాషాగా ఉంది" అంటే ఆయనే నలుగురికీ ఆ తమాషా చెబుతారు. చదువుకున్న తరం అది; వారికి తెలివి చెప్పనక్కర్లేదు, కబురు చెబితే చాలు. పైగా ఆ వంకన ఒక ఫోను కాలు కలిసి వస్తుంది.

ఇక మన వరకు, పాత లేఖకుల పద్ధతిని తిరిగి తెచ్చుకోవడం కష్టం కాదు. ఏదైనా పంపాలనిపిస్తే దాని కింద మన మాటలుగా రెండు వాక్యాలు రాద్దాం: ఇది నాకు ఎక్కడిది, దీన్ని ప్రత్యేకంగా నీకు ఎందుకు పంపుతున్నాను. మొదటిదానికి జవాబు లేకపోతే ఆ మాట నమ్మదగినది కాదేమో. రెండవదానికి జవాబు లేకపోతే ఆ మాట వాళ్లకి అక్కర్లేదేమో. రెండింటికీ జవాబుంటే, మీరు ఉత్తరం రాస్తున్నారన్నమాట, నిశ్చింతగా పంపండి.

కంపెనీలు పెట్టే హద్దులు ఐదైనా, ఒకటైనా, వాళ్ల లాభనష్టాలని బట్టి మారుతూ ఉంటాయి. వాటిని నమ్ముకుని కూర్చోలేం. ఫోనులో వెతికినప్పుడు మన తరవాతివాళ్లకి మన గొంతు దొరకాలా, ఎవరిదో తెలియని గులాబీ పువ్వు దొరకాలా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. వాన పడితే పడుతోందని రాయండి. బజ్జీలు వేస్తుంటే వేస్తున్నారని రాయండి. ఆ వాక్యాన్ని ఎవరూ ఫార్వర్డు చేయరు. దాచుకుంటారు.